జిగ్గుల భద్రు

భద్రు ఇంట్లో రెండు పొయ్యిలు. గ్యాసు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది, మట్టి పొయ్యి మీద సీసం కరుగుతుంది. బయ్యారం అవతల ఆ తండాలో ఎవరిని అడిగినా ఈ ముక్క నవ్వుతూ చెప్తారు. అన్నం పొయ్యిని సాకుతున్నది కూడా సీసం పొయ్యేనని ఇంకో ముక్క కలుపుతారు.

వానలు పడేనాటికి భద్రు భార్య చంద్రికి అయిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ అయిదో నెల దాటకుండానే పోయింది. మొదటిసారి అందరూ ఏడ్చారు. రెండోసారి ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఈ మూడోది దక్కాలి. భద్రు పొద్దున లేచి మొట్టమొదట చూసేది పెళ్ళాం ముఖం. అందులో నొప్పి లేదని తేలాకే వేపపుల్ల నోట్లో పెట్టుకుంటాడు.

చేపలు తీసేస్తే భద్రు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంటర్ సగంలో వదిలేశాడు. బోరు బండి మీద కూలికి పోయి కర్ణాటక దాకా తిరిగాడు. హైదరాబాదులో కడుతున్న బిల్డింగులకు నీళ్ళు కొట్టాడు. ఎక్కడ ఉన్నా ఆదివారం వస్తే ఏదో ఒక మురికికుంట గట్టున గాలం వేసుకుని కూర్చునేవాడు. "నువ్వు పనికొచ్చినవా, చాపలకొచ్చినవారా?" అని మేస్త్రీ అడిగితే, "చాపలకే" అని చెప్పి బస్సెక్కి తండాకు వచ్చేశాడు. మళ్ళీ పోలేదు.

కొనుక్కొచ్చిన ఒకే ఒక్క జిగ్గును వాలుగ చేప తెంపుకుపోయింది. అక్కడ మొదలైంది కథ. జిగ్గంటే పెద్ద మర్మమేం కాదు. గాలం మెడకు సీసంతో పోసిన చిన్న తల, ఆ తల వెనక వెంట్రుకలో ఈకలో కట్టిన తోక. చెరువు అలుగు కింద మడుగులో వేసి ఎగరేస్తూ దించుతూ ఉంటే దెబ్బ తగిలిన చేపపిల్లలా గిలగిల్లాడుతుంది. పెద్ద చేపకు అది చాలు. ఇంత దానికి దుకాణం ఎందుకని భద్రు తనే ప్లాస్టర్‌తో అచ్చు చేసుకున్నాడు. డోర్నకల్‌లో పాత సామాను కొనే యాకూబ్ దగ్గర చచ్చిన బ్యాటరీలు తెచ్చాడు. వాటిని పగలగొట్టి, లోపలి పలకలు తీసి, ఇనుప గరిటెలో వేసి వంటింటి మట్టి పొయ్యి మీద పెట్టాడు. నల్లటి పొడి రాలింది. దగ్గు తెప్పించే పొగ లేచింది. ఆ తర్వాత గరిటెలో వెండి లాంటి నీళ్ళు కదిలాయి. భద్రు ఆ రోజు అన్నం తినడం కూడా మరిచిపోయాడు.

తోక కట్టడం చంద్రి పని అయింది. మేక వెంట్రుకలు, పుంజు మెడ ఈకలు ఎవరైనా కడతారు. చంద్రి తన తల్లి కట్టి విడిచిన పాత పేటియా లంగాను బయటికి తీసింది. దాని ఎర్రదారం, పచ్చదారం ఊడదీసింది. అంచున కుట్టిన అద్దం బిళ్ళల్ని విప్పి సీసం తలకు కళ్ళలా అతికించింది. నీళ్ళలో ఆ అద్దం ఒక్కసారి తళుక్కుమంటే చాలు, వాలుగ తోక తిప్పి మరీ వస్తుంది.

"మొగోళ్ళు సూడాలెనని మా అమ్మ కుట్టుకున్న అద్దాలివి. ఇప్పుడు వాలుగలు జూస్తున్నయ్" అని చంద్రి నవ్వేది.

"వాలుగలే నయం. చూసినంక ఇడిచిపెట్టి పోవు" అనేవాడు భద్రు.

ఇద్దరూ పొయ్యికి చెరోపక్క కూర్చుని పని చేసేవాళ్ళు. చిన్న సీసం గుండును దారానికి నొక్కాలంటే భద్రు పంటితో నొక్కేవాడు. పట్టకారు ఉంది, కానీ పన్నే దగ్గర.

పేరు మాత్రం ఒక పాడు పనితో వచ్చింది. మహబూబాబాద్‌లో విత్తనాల షాపు నడిపే అరుణ్ అనే రెడ్ల పిల్లగాడు చేపల వీడియోలు తీస్తాడు. ఒక వానాకాలం అతను ఫోను పట్టుకుని వచ్చాడు. అప్పుడే చెరువు అంచున నీళ్ళు ఎర్రగా ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. కొర్రమట్ట చేపపిల్లల గుంపు అది. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆకలి ఉన్నా లేకున్నా, గుంపు మీదికి ఏది వచ్చినా తల్లి నోరు తెరుస్తుంది. తండాలో ఎవరూ ఆ గుంపు మీద గాలం వెయ్యరు.

"వెయ్యన్నా, వెయ్యి! లైవ్‌ల ఉన్నం!" అన్నాడు అరుణ్.

భద్రు వేశాడు. మొదటి దెబ్బకే తల్లి పడింది, మోకాలంత పొడుగు. వీడియోకు ఊళ్ళకు ఊళ్ళే ఎగబడ్డాయి, జిగ్గులు కావాలని భూపాలపల్లి నుంచి జనగామ దాకా ఫోన్లు వచ్చాయి. ఆ సాయంత్రం చూస్తే ఎర్రటి గుంపు లేదు. చిన్న చేపలన్నీ చేరి పిల్లల్ని ఏరుకుని తినేశాయి.

చంద్రికి మొదటి కడుపు పోయింది ఆ తర్వాతే.

"పిల్లల మీదున్న తల్లిని కొట్టినవ్ కొడుకా" అంది భద్రు తల్లి తుల్సీబాయి, తండా మాటలో అతని యాడి. తిట్టలేదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. అందుకే అది మరీ లోపలికి దిగింది. ఆ రోజు నుంచి భద్రు గుంపు కనబడితే గట్టు దిగి వెళ్ళిపోయేవాడు. వలలో పడిన కొర్రమట్టను కూడా కాళ్ళకు మొక్కినట్టు నీళ్ళలోకి వదిలేవాడు. రెండో కడుపూ పోయాక కొర్రమట్ట తినడమే మానేశాడు. నిజానికి చేప శాపం పెట్టదు, దానికంత తీరిక లేదు. కానీ భయపడ్డవాడికి భయం ఎక్కడుందో చూపిస్తే చాలు, ఇక వేరే వైపు చూడడు. భద్రు చెరువు వైపే చూస్తూ కూర్చున్నాడు. వీపు వెనక పొయ్యి మండుతూనే ఉంది.

వానలు ముదిరాక నర్సు అఖిల తండాకు వచ్చింది. చంద్రి వేలు గుచ్చి చూసి మొహం చిట్లించింది.

"రక్తం ఏడే ఉన్నది. ఏం తింటున్నవే నువ్వు? ఒంట్ల ఇనుము లేదు. ఈ గోలీలు మింగు."

"మింగితె కక్కొస్తున్నదక్కా."

"కక్కినా మింగు. మల్లొస్త, డబ్బా చూస్త" అని బెదిరించి వెళ్ళిపోయింది.

అఖిల బండి తిరిగిందో లేదో, తుల్సీబాయి అరుగు మీద నుంచి అందుకుంది. "ఇనుము లేదంట! బయ్యారం గుట్టల కింద పుట్టి ఇనుము లేదంట! మన పొయ్యి దేంతోని అలుకుతున్నం? గుట్ట ఎర్రమట్టితోనే కాదా?"

సంగతేమిటంటే, చంద్రి అప్పటికే దొంగతనంగా ఆ మట్టి తింటోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు మట్టి మీద మనసు పోవడం తండాలో కొత్త కాదు. పొయ్యి అంచున కాలి పెళుసుబారిన ముక్కను గోటితో గీకి నోట్లో వేసుకుంటుంది. భద్రు ఒకసారి చూసి అడిగాడు.

"ఎట్లున్నది?"

"తియ్యగున్నదయ్యా" అంది సిగ్గుపడుతూ.

మట్టి తియ్యగా ఎందుకుంటుందని ఎవరూ అడగలేదు.

భద్రు నవ్వాడు. "మా నాయిన కాలం నుంచి బయ్యారంల ఇనుము ఫ్యాక్టరీ అంటున్నరు. ఫ్యాక్టరీ రాకపోతె మాయె, ఇనుమన్న తిననియ్యి నా బిడ్డను." ఆ రోజు నుంచి తనే పొయ్యి పెల్లలు విరిచి చిన్న గిన్నెలో వేసి ఆమె పక్కన పెట్టేవాడు. విరిచిన చోట తుల్సీబాయి మళ్ళీ ఎర్రమట్టి మెత్తేది. దాని మీద మళ్ళీ సీసం కాగేది. గోలీల డబ్బా గూట్లో అలాగే ఉండిపోయింది.

అయిదో నెల దాటింది. ఆరూ దాటింది. తీజ్ పండుగ నాటికి చంద్రి పొట్ట బాగా ముందుకు వచ్చింది, ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి పోయారు. తుల్సీబాయి అందరికీ ఒకటే చెప్పింది: "ఏ డాక్టరు నిలబెట్టలె. మా పొయ్యి మట్టి నిలబెట్టింది."

అయినా ఇంట్లో ఏదో తేడాగానే ఉంది. పొయ్యి దగ్గర గింజలేరుకునే కోళ్ళు మెడలు వాల్చి, పడుతూ లేస్తూ నడిచి, ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. తెగులనుకున్నారు. భద్రుకు కడుపులో పేగులు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చేది. బయటి తిండి అనుకున్నాడు. ఊరికే కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియక జిగ్గుల డబ్బాను గోడకేసి కొట్టేవాడు. చంద్రి మొహం పాలిపోయి మైనంలా అయింది. కూర్చున్నచోటే నిద్రపోయేది. "రాత్రి నాకు కొర్రమట్ట కలల కొచ్చింది" అని ఒకరోజు చెప్పింది. "ఏమన్నది?" అన్నాడు భద్రు. "ఏమనలె. ఊకె నోరు తెరిచి చూసింది."

ఆ మాటకు భద్రు ఇంకా జాగ్రత్త పడ్డాడు. చంద్రిని గడప దాటనివ్వలేదు. ఈదురుగాలి తగలొద్దని, నలుగురి కళ్ళు పడొద్దని తలుపు, కిటికీ బిగించాడు. బయట వాన. లోపల అదే గదిలో గరిటె కాగుతోంది. అరుణ్ ఏదో పోటీ పెడుతున్నాడట, బుట్టెడు జిగ్గులు కావాలన్నాడు. పుట్టే బిడ్డ కోసం కదా అని భద్రు ఊపిరి తీసుకోకుండా పోశాడు.

పోస్తూ పోస్తూ ఒకరోజు గరిటె జారింది. చెయ్యి పైకెత్తుదామంటే మణికట్టు దగ్గర ఆగిపోయింది, వేళ్ళు కిందికి వేలాడాయి. ఎడమ చేత్తో పట్టి లేపి వదిలితే మళ్ళీ వాలిపోయింది. తిమ్మిరి అనుకుని కొబ్బరినూనె రాసుకున్నాడు. సీసం అయిపోవస్తోందని మరునాడు ఒంటిచేత్తో బండి తోలుకుంటూ డోర్నకల్ వెళ్ళాడు.

యాకూబ్ తక్కెడ పక్కన టీ తాగుతున్నాడు. భద్రు బ్యాటరీ ఎత్తబోయి వదిలేయడం చూసి గ్లాసు కింద పెట్టాడు.

"అరే, చేతికేమాయెరా?"

"జర తిమ్మిరి భాయ్."

"ముందటికి చాపు. అట్ల గాదు, సీదా చాపు."

చాపాడు. చెయ్యి కోసిన కోడి మెడలా వాలింది. యాకూబ్ దగ్గరికి వచ్చి భద్రు పెదవి పైకి లాగి చిగుళ్ళు చూశాడు. పళ్ళ మొదట్లో నల్లటి గీత ఉంది.

"గిది తిమ్మిరి గాదు. మా దగ్గర బట్టీ కాడ పనిచేసినోనికి గిట్లనే వాలింది చెయ్యి. సీసం పట్టింది నీకు. నువ్వు కరగబెట్టేది యాడ? పొలం కాడ గదా?"

"ఇంట్లనే. పొయ్యి మీద."

"ఇంట్లనా! ఇంట్ల ఎవరెవరున్నరు?"

"మా యాడి. నా భార్య... కడుపుతోని ఉన్నది."

యాకూబ్ బ్యాటరీని కాలితో అవతలికి నెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నా పిల్లలను ఈ దుకాణం గేటు లోపలికి రానియ్యనురా నేను. ఆ పొగ, ఆ పొడి నోట్లకు పోవద్దు. బూడిదల కలుస్తది, మట్టిల కలుస్తది, పోదది. నాలికకు తియ్యగ గూడ ఉంటది. కడుపుల పిల్లకు తల్లి రక్తంల నుంచే ఎక్కుతది. కడుపులు పెద్దగా నిలవయి కూడ."

"మరిన్నేండ్లు నాకు చెప్పకపోతివి!"

"నువ్వడగలె. బయట చేస్తున్నవనుకున్న. అమ్ముకునేటోన్ని, ఇంటికొచ్చి చూస్తనా?"

భద్రుకు ఆ తర్వాతి మాటలు వినబడలేదు. మట్టి అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు. బండి గార్ల దాటిందో లేదో కూడా తెలియదు. తండా చేరేసరికి చంద్రి గడప లోపల కూర్చుని ఉంది. ఒడిలో గిన్నె, పెదవుల మీద ఎర్రటి ధూళి.

గిన్నె లాక్కుని వాకిట్లోకి విసిరేశాడు. మూలనున్న గడ్డపార అందుకుని పొయ్యి మీద వేశాడు. కుడిచెయ్యి పట్టు ఇవ్వలేదు. గడ్డపార జారి కాలి పక్కన పడింది. ఎడమ చేత్తో మళ్ళీ ఎత్తాడు.

తుల్సీబాయి కేకలు పెడుతూ వచ్చింది. "నీకేమన్న పట్టిందారా! కడుపుతోని ఉన్న మనిషి ముంగట పొయ్యి పగలగొడతవా! అది పాడుగాను, మూడోదాన్ని కూడ పొట్టన పెట్టుకుంటవా!"

"ఈ పొయ్యే పెట్టుకున్నదే యాడి" అన్నాడు భద్రు. "దీని మట్టి నిండ సీసం. యాకూబ్ చెప్పిండు. నా చేతికి పట్టింది గదే, కోళ్ళకు పట్టింది గదే. చంద్రికి మనమే తినిపిచ్చినం. గిన్నెల పెట్టి తినిపిచ్చినం."

చంద్రికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక వేళ్ళు గొంతులోకి పెట్టుకుంది. ఏమీ రాలేదు. ఒట్టి ఎంగిలి కారింది. మూతి తుడుచుకుని మొగుడి వైపు చూసి అడిగింది.

"మరి ఆ రెండు?"

భద్రు గడ్డపార కింద పెట్టాడు.

"చాప గదా..." అంది తుల్సీబాయి సణుగుతూ. "చాప శాపమని..."

"చాప ఏం జెయ్యలె" అన్నాడు భద్రు.

పొయ్యి సగం విరిగి అలాగే ఉండిపోయింది. అరుణ్ నుంచి ఫోను మోగుతుంటే భద్రు ఎత్తలేదు. దొరికిన ఆటోలో చంద్రిని ఎక్కించుకుని, ఊరి నోట మానుకోట అయిన మహబూబాబాద్‌లోని పెద్ద దవాఖానకు వెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ విన్నంతసేపు తల ఎత్తలేదు. రక్తం తీయించింది, ఇక్కడ తేలదు, హైదరాబాదుకు పంపాలంది. స్కానింగు బల్ల మీద చంద్రి కళ్ళు మూసుకుని పడుకుంది. భద్రు గోడకు ఆనుకుని, వాలిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మిషను గరగరలాడింది. ఆ గరగరలోంచి గుర్రం పరిగెత్తినట్టు ఒక చప్పుడు లేచింది.

"గుండె కొట్టుకుంటున్నది" అంది డాక్టరమ్మ. భద్రు బల్ల వైపు అడుగేశాడు. "ఆగు, అప్పుడే సంబరపడకు. బిడ్డ నెలలకు తగినంత పెరగలేదు. తల్లి రక్తంలో ఉన్నది బిడ్డకు ఎంత చేరిందో, ఏం చేసిందో పుట్టాక గానీ తెలియదు. కొన్ని అప్పుడు కూడా తెలియవు, నడిచే వయసుకు, మాట్లాడే వయసుకు బయటపడతాయి. ముందు అది లోపలికి పోవడం ఆగాలి. ఈమె ఆ ఇంట్లో అడుగు పెట్టొద్దు. ఇక్కడే ఉంచుతాను."

"నీ కాల్మొక్త, ఉంచుకోరి మేడం."

"ఆ మట్టి ఇంకెవరన్నా తిన్నారా?"

"లేదు మేడం. మా యాడి తినలె, నేను తినలె."

చంద్రి బల్ల మీద లేచి కూర్చుంది. జాకెట్టు సర్దుకుంటూ నేలవైపు చూసింది.

"శృతి" అంది.

శృతి భద్రు చిన్నాయన కూతురు, గార్లలో ఇచ్చారు. మొన్న తీజ్‌కు వచ్చింది. ఆమెకు రెండో నెల.

"మీ యాడి చెప్పింది విని అడిగింది. నా మాదిరి పోగొట్టుకోవద్దని నేనే ఇచ్చిన" అంది చంద్రి. "పెద్ద పెల్ల. నా చేతులతోనే కట్టిచ్చిన."

డాక్టరమ్మ భద్రు జేబులోని ఫోను వైపు చెయ్యి చూపించింది. భద్రు వరండాలోకి వచ్చాడు. చంద్రి కూడా గోడ పట్టుకుని వెనకాలే వచ్చి నిలబడింది. భద్రు కుడిచేతి వేళ్ళు నంబరు నొక్కలేకపోతే ఫోను తనే తీసుకుని నొక్కి, స్పీకరు పెట్టి అతని నోటి దగ్గర పట్టుకుంది.

"అన్నా! ఎట్లున్నవే?" శృతి గొంతు హుషారుగా ఉంది. "వదిన మంచిగున్నదా? నేనే చేద్దామనుకుంటున్న. ఆ మట్టి అయిపోవట్టింది, ఎవరితోనన్న ఇంకో ముక్క పంపుండ్రి."

"నువ్వు తిన్నవా శృతీ?"

"తినకుంట ఎట్లనే? మంచిగ తియ్యగుంటది. నేనొక్కదాన్నే గాదు, మా పక్కింటి చిలుకమ్మ అక్కకు గూడ సగం ఇచ్చిన. పాపం, ఆమెకు ఇద్దరు పోయిండ్రు. ఇప్పుడు ఆరో నెల. మీ భద్రన్న పొయ్యి దేవుని పొయ్యే అంటున్నది."

భద్రు నోరు తెరిచాడు. డాక్టరు వద్దన్నదని చెప్పొచ్చు. మట్టి పాతబడ్డదని చెప్పొచ్చు. నిజం చెప్తే రేపు ఆ మాట గార్లలో తిరుగుతుంది, బయ్యారంలో తిరుగుతుంది, జనగామ దాకా పోతుంది. ఆ తర్వాత అతని చేతి జిగ్గును చెరువులో వేసేవాడు కూడా ఉండడు. చంద్రి ఫోను పట్టుకున్న చెయ్యి దించలేదు. అతన్నే చూస్తోంది.

"శృతీ, అది దేవుని పొయ్యి గాదు. నేను బ్యాటరీల సీసం కరగబెట్టిన పొయ్యి. ఆ మట్టి నిండ విషం ఉన్నది. నాదే తప్పు. నా చెయ్యి పడిపోయింది, మీ వదిన ఇక్కడ మానుకోట దవాఖానల ఉన్నది. నోట్లున్నది ఉమ్మెయ్యి, మిగిలింది ఎవరికీ అందకుంట మూటగట్టి వెంట తే. ఇప్పుడే రా. ఆమెను గూడ తోలుకొనిరా."

అవతల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడు, చెప్పులు లేని కాళ్ళు పరిగెత్తుతున్న చప్పుడు.

"చిలుకమ్మక్కా! ఓ చిలుకమ్మక్కా!"

శృతి ఫోను చేతిలోనే పట్టుకుని పరిగెత్తినట్టుంది. వాన వినబడుతోంది, ఆమె ఎగశ్వాస వినబడుతోంది. రేకు తలుపు మీద అరచేతులతో బాదుతోంది. భద్రు, చంద్రి ఫోను మీదికి వంగి వింటున్నారు. ఆమె ఇంకా బాదుతూనే ఉంది. తలుపు ఎవరూ తీయడం లేదు.